మన సర్కారు జిల్లాల బెరిబెరి కథ

మన వడ్లు మిల్లుకెళ్ళి మల్లెపువ్వులాంటి బియ్యమై తిరిగొస్తాయి. తౌడు గేదెకి పెడతాం, లేదంటే మిల్లులోనే వదిలేస్తాం. ఈ తౌడు వల్ల మన ప్రాంతంలో ప్రాణాలు పోయిన చరిత్ర ఒకటుంది. కాస్త ఓపిగ్గా చదవండి.

శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. ఈ ఐదూ పాతకాలపు సర్కార్లు. బొమ్మల ఊరు అనుకునే మన కొండపల్లి ఒక సర్కారుకే పేరిచ్చింది. 1766లో కోట కంపెనీ వాళ్ళ చేతికి పోయింది. తర్వాత తర్వాత సర్కార్లలో ఉన్న సిపాయిలకి ఒక జబ్బు పట్టుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కేవి, వాచేవి, ఆయాసం వచ్చేది, ముదిరితే గుండె ఆగిపోయేది. అదే బెరిబెరి. మాల్కంసన్ అనే డాక్టరు 1835లో మద్రాసులో దీనిమీద ఏకంగా పుస్తకమే వేశాడు. అసలు కారణం మాత్రం ఆయనకి అందలేదు.

అది దొరికింది జావాలో, కోళ్ళ దొడ్లో! 1890 ప్రాంతంలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు కోళ్ళకి ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం వేయిస్తే వాటి కాళ్ళు పడిపోయాయి. ముడి బియ్యం వేస్తే లేచి తిరిగాయి. తౌడులో ఏదో ఉందని తేలింది. ‘విటమిన్’ అనే మాట 1912లో పుట్టింది ఈ వెతుకులాటలోనే.

మన దేశంలో 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి మీద పరిశోధన మొదలెట్టారు. అదే పెరిగి పెద్దదై, ఇప్పుడు హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ కూనూరు వాళ్ళు, ఐక్రాయిడ్ నాయకత్వంలో, 1940లో తేల్చిన సంగతి వినండి: దేశంలో బెరిబెరి ముఖ్యంగా మన సర్కారు తీరంలోనే ఉంది. అదే మద్రాసు ప్రెసిడెన్సీలో, మనలాగే మూడు పూటలా అన్నమే తినే అరవ జిల్లాల్లో లేదు!

తేడా ఎక్కడంటే, వాళ్ళది ఉప్పుడు బియ్యం. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు తౌడులోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది. తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగిలే ఉంటుంది. మనది పచ్చి బియ్యం. పైపొర పోతే అంతా పోయినట్టే. మిల్లులు రాకముందు కూడా రోకలితో తెల్లగా దంపుకున్నవాళ్ళకి అదే నష్టం.

కడుపులో జరిగేది చూడండి. అన్నంలోని పిండి నోట్లో లాలాజలంతోనే విరగడం మొదలవుతుంది. చిన్నపేగులో క్లోమరసం తగిలి పూర్తిగా గ్లూకోజుగా మారి, పేగు గోడల్లోంచి రక్తంలోకి పోతుంది. అరుగుదలకి లోటేం లేదు. కానీ ఆ గ్లూకోజు ఒంట్లో శక్తిగా మారాలంటే తౌడులో ఉండే బి-1, అంటే థయామిన్, కావాలి. పొయ్యినిండా కట్టెలున్నాయి, అగ్గిపుల్ల లేదు. అందుకే కడుపునిండా తిన్నవాడే కూలిపోయేవాడు. బి-1 ఒంట్లో నిలవుండేది రెండు మూడు వారాలకే. తల్లికి లేకపోతే పాలల్లోనూ ఉండదు. చంటిబిడ్డలు హఠాత్తుగా పోయేవాళ్ళు.

ఇప్పుడు పప్పు, గుడ్డు, మాంసం కాస్త ఎక్కువ తింటున్నాం కాబట్టి ఆ జబ్బు తగ్గింది. ఒట్టి తెల్లన్నం, పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే ముసలివాళ్ళు, మందు అలవాటున్నవాళ్ళు మాత్రం జాగ్రత్త. కాళ్ళు తిమ్మిరి, వాపు ఉంటే డాక్టరుకి చూపించండి.

ఇంటి బియ్యం ఆడించేటప్పుడు ఒక్క పాలిష్‌తో ఆపమని మిల్లులో గట్టిగా చెప్పండి. తౌడున్న బియ్యానికి పురుగు, వాసన తొందరగా పడతాయి. అందుకని నెలకి సరిపడా మాత్రమే ఆడించుకోవాలి. నాలుగైదు నీళ్ళు కడగొద్దు, గంజి వార్చొద్దు. బి-1 నీళ్ళలో కరిగి కుడితి తొట్లోకే పోతుంది.