మంచులో చిక్కిన తిమింగిలములు



చలికాలమున ఒకనాడు మంచు దట్టముగా కురిసినచో, రచ్చబండమీద కూర్చున్న పెద్దలలో ఒకరైన ఈ మాట అనక మానరు: "భూమి యంతయు వేడెక్కుచున్నదని వ్రాయుచున్నారే, మఱి ఈ చలి యెక్కడనుండి వచ్చినదయ్యా?" ఇది తెలివితక్కువ ప్రశ్న యని నేననను. ఒకప్పుడు నేనును దీనినే అడిగితిని. అయితే ప్రత్యుత్తరమునకై వేచియుండక, అడిగిన వెంటనే నవ్వితిని. ఆ నవ్వు తప్పని తెలిసికొనుటకు నాకు చాల సంవత్సరములు పట్టినది. ఆ వృత్తాంతమునే నేడు మీకు మనవి చేసెదను. అది జరిగినది మన సీమలో కాదు. భూగోళమునకు ఉత్తరపుటంచున, అమెరికా రాజ్యములో చేరిన అలాస్కాలో.

1988వ సంవత్సరము అక్టోబరు నెల మొదటి వారమున, అలాస్కా ఉత్తరతీరమందలి బారో అను ఊరి సమీపమున ఒక వేటకాడు మంచుమీద నడుచుచు, మూడు బూడిదవన్నె తిమింగిలములను చూచెను. ఈ ఊరికి 2016లో దాని ప్రాచీననామమగు ఉట్కియాగ్విక్ అను పేరే మరల పెట్టబడినది. బూడిద తిమింగిలములు వేసవియందు ఉత్తరధ్రువ సముద్రములలో మేసి, శీతకాలము రాకమునుపే మెక్సికో దేశపు వెచ్చని నీళ్లకు దిగిపోవును. ఆ ప్రయాణము ఒక్క దిక్కునకే ఎనిమిదివేల కిలోమీటరులు దాటును. ఆ యేడు ఈ మూడును జాగుచేసినవి; ఇంతలో సముద్రము గడ్డకట్టినది.

తిమింగిలము నీటిలో నుండునదే గాని చేప కాదు. మనవలెనే దానికిని గాలి కావలెను. కొలది నిమిషముల కొకసారి పైకి వచ్చి ఊపిరి పీల్చుకొననిదే అది బ్రతుకదు. ఆ సముద్రముననే ఉండు మఱియొక జాతి తిమింగిలము తన గట్టి తలతో మంచును పొడిచి పగులగొట్టుకొనగలదు. బూడిద తిమింగిలమునకు అంతటి బలము లేదు. కావున ఆ మూడును మంచులో మిగిలియున్న చిన్న రంధ్రమువద్ద ఒకదాని వెనుక ఒకటి తలయెత్తుచు, ముట్టెలు ఒరసికొని గాయపడి, ప్రాణములు నిలుపుకొనుచుండెను.

బారోవాసులగు ఇనూపియాట్ జనులు తరతరములుగా తిమింగిలములను వేటాడి జీవించువారు. అట్టివారే యంత్రపు ఱంపములు చేతబట్టి, సముద్రమువైపు వరుసగా రంధ్రములు కోసిరి. కోసినవి రాత్రికి మరల గడ్డకట్టుచుండెను. అప్పుడు మిన్నెసోటానుండి ఇరువురు నీటిని కదలించు యంత్రములను తెచ్చి పెట్టిరి. మూడింటిలో చిన్నది కొన్నిదినములకు నీటిలో మునిగి మరల కానరాలేదు. మిగిలిన రెంటికిని బహిస్సముద్రమునకును నడుమ పెద్ద మంచుకట్ట అడ్డుగా నిలిచెను. అమెరికాకును సోవియట్ రష్యాకును వైరము ఇంకను చల్లారని దినములవి. అయినను రష్యావారు "అడ్మిరల్ మకారోవ్", "వ్లదీమిర్ ఆర్సేన్యెవ్" అను రెండు ఓడలను పంపిరి. అవి ఆ కట్టను చీల్చి దారి చేసినవి. అక్టోబరు 28వ తేదీకి తిమింగిలములు వెడలిపోయెను. ఈ పనికి మొత్తముమీద సుమారు పదిలక్షల డాలర్లు వ్యయమైనవని అంచనా వేసిరి. లోకమంతయు కొన్నివారములపాటు ఆ రంధ్రమువైపే చూచినది.

నేనప్పుడు ఒక పల్లెలో ఉపాధ్యాయుడను. ఆ యేడే జూన్ 23వ తేదీన, జేమ్స్ హాన్సెన్ అను శాస్త్రవేత్త అమెరికా సెనేటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చి, భూమి వేడెక్కుట ఆరంభమైనదని చెప్పియుండెను. నేను ఈ రెండు వార్తలను ప్రక్కప్రక్కన పెట్టి పిల్లలకు చదివి వినిపించితిని. "జూన్‌లో వేడి యనిరి, అక్టోబరులో సముద్రమే గడ్డకట్టినది. ఏది నమ్ముదుము?" అని అడిగి, నేను నవ్వితిని, పిల్లలును నవ్విరి. నా తెలివికి నేనే మెచ్చుకొంటిని.

పిమ్మట ఈ విషయమునుగూర్చి చదివినకొలది నా తర్కమందలి లోపములు ఒక్కొక్కటిగా బయటపడెను. మొదటిది, తిమింగిలములు మంచులో చిక్కుట క్రొత్త వింత కాదు. గ్రీన్లాండు జనుల భాషలో దీనికి "సస్సాత్" అని ప్రత్యేకముగా ఒక మాటయే కలదు. 1914-15 శీతకాలమున అచ్చటి డిస్కో అఖాతమున ఈ రీతిని చిక్కిన కొమ్ము తిమింగిలములను వేయికి పైగా వేటాడిరి. 1984-85లో రష్యా తూర్పుకొసనున్న చుకోట్కా తీరమున వేలకొలది తెల్ల తిమింగిలములు చిక్కగా, "మాస్కో" అను ఓడ మంచు చీల్చుకొని వచ్చి, సంగీతము వినిపించుచు సుమారు రెండువేల జీవులను వెలికి నడిపించినది. చల్లని సంవత్సరములలోను, అంత చల్లనివి కాని వానిలోను ఇట్టివి జరిగినవే. కావున ఒక్క ఘటనను పట్టుకొని భూమి చల్లబడుచున్నదనుటకును వీలులేదు, వేడెక్కుచున్నదనుటకును వీలులేదు.

మన చెఱువును తలచుకొనుడు. గాలి వీచినప్పుడు అలలు గట్టును కొట్టును. ఒక అల తూముమెట్టుపైకి ఎగయగనే చెఱువు నిండినదని యెవడైన కాలువ వదలునా? నీటిమట్టము కొలిచెడి రాయిని చూడవలెను. ఈనాటి గుర్తును నిరుటి గుర్తుతోను, పదియేండ్ల క్రిందటి గుర్తుతోను పోల్చవలెను. ఒక దినపు చలి, ఒక నెలలో కట్టిన మంచు అలవంటివి. శీతోష్ణస్థితి యనునది మట్టము.

ఆ మట్టమును కొలిచినవారు చెప్పినదేమి? 1979 మొదలు కృత్రిమ ఉపగ్రహములు ఉత్తరధ్రువ సముద్రపు మంచును ఎడతెగక కొలుచుచున్నవి. ఏటేట సెప్టెంబరులో ఆ మంచు మిక్కిలి తక్కువకు దిగును. 1980 ప్రాంతమున ఆ తక్కువయే దాదాపు 70 లక్షల చదరపు కిలోమీటరులు. 2012లో అది సుమారు 34 లక్షలకు దిగిపోయెను. మఱుసటి యేడు 51 లక్షలకు పెరిగెను. అప్పుడు కొందఱు, "చూచితిరా, ఒక్క సంవత్సరములో మంచు సగమునకు సగము పెరిగినది" అని చాటిరి. ఆ లెక్క అబద్ధము కాదు. అయినను అది రెండేండ్ల అలను చూచిన లెక్క. నలువదేండ్ల మట్టమును చూచినవారికి కనబడునది తరుగుదలయే.

కారణమును గూర్చిన విచారణయు నిన్న మొన్నటిది కాదు. బొగ్గుపులుసుగాలి వేడిని పట్టియుంచునని 1859లో జాన్ టిండాల్ ప్రయోగశాలలో చూపెను. బొగ్గు కాల్చుటవలన ఆ గాలి పెరిగినచో భూమి ఎంత వేడెక్కునో 1896లో స్వీడన్ దేశీయుడగు అర్హీనియస్ గణించెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి ద్వీపమందలి కొండపై ఆ గాలిని కొలుచుట ఆరంభించినప్పుడు, అది పదిలక్షల పాళ్లలో 315 పాళ్లుండెను. 2024 నాటికి 420ని మించినది. ఇది సూర్యుని వేడి పెరుగుటవలన కలుగరాదా యని అడుగవచ్చును. అడిగిరి, కొలిచిరి. ఉపగ్రహములు కొలిచిన ఈ దశాబ్దములలో సూర్యుని తేజస్సు పెరుగలేదు. పైగా, భూమికి దాపున గాలి వేడెక్కుచుండగా ఎత్తునగల గాలిపొర చల్లబడుచున్నది. సూర్యుడే కారణమైనచో రెండును వేడెక్కవలసియుండును.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది మఱియొక సంగతి. వెచ్చదనమే కొన్నిచోట్ల తిమింగిలములకు ఉచ్చుగా మారవచ్చునట. 2008 మొదలు 2010 వఱకు, కెనడాలోను గ్రీన్లాండులోను ఇట్టివి అరుదైన తావులలో కొమ్ము తిమింగిలములు మంచులో చిక్కినవి. శాస్త్రవేత్తలు విచారింపగా, అచ్చట సముద్రము గడ్డకట్టు కాలము 1979 మొదలు రెండు నుండి నాలుగు వారములు వెనుకకు జరిగినట్లు తేలినది. నీరు తెఱపిగా నుండుటచే అవి కదలక నిలిచిపోవుట, తరువాత చలి ఒక్కమాఱుగా కమ్ముట జరుగుచుండవచ్చునని వారు 2012లో ప్రకటించిరి. 2013 జనవరిలో హడ్సన్ అఖాతమున ఇనుక్జువాక్ అను పల్లెవద్ద పండ్రెండింటి దాక హంతక తిమింగిలములు ఒక్క రంధ్రమువద్ద చిక్కుకొనెను. గాలి తిరిగి మంచు విడిపోగా అవి బయటపడెను. పూర్వము అక్కడి మంచే ఆ జాతిని లోనికి రానీయక కాపలాగా నుండెడిది. ఆ కాపలా సడలినకొలది అవి లోనికి రాసాగినవి. నేను చలికి సాక్ష్యముగా చూపి నవ్విన ఘటనవంటిదే, మఱియొకచోట వేడికి సాక్ష్యమగుచున్నది!

అయినచో సందేహించుటయే తప్పా? కాదు. 2007లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము తన నివేదికలో హిమాలయపు మంచునదులు 2035 నాటికి కరగిపోవచ్చునని వ్రాసినది. ఆధారమేదని కొందఱు నిలువదీసిరి. ఆధారము లేదని తేలగా, 2010లో ఆ సంఘము తప్పు ఒప్పుకొన్నది. ఆ సందేహము లోకమునకు మేలే చేసినది. రిచర్డ్ ముల్లర్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఉష్ణోగ్రతల లెక్కలను నమ్మక, తానే వానినన్నిటిని మరల పరిశీలించెను. పరిశీలించి, భూమి వేడెక్కుట నిజమనియు, దానికి మనుష్యులే కారణమనియు 2012లో బహిరంగముగా చాటెను. 2015 ఫిబ్రవరిలో ఇన్‌హోఫ్ అను సెనేటరు మాత్రము వీధిలోని మంచును ఉండచేసి సభలోనికి తెచ్చి చూపెను. ముల్లర్‌దియు సందేహమే, ఇన్‌హోఫ్‌దియు సందేహమే. ఒకరు కొలతదాక నడిచిరి. మఱియొకరు మంచుగడ్డవద్దనే ఆగిపోయిరి. 1988లో నేను ఆగినదియు అచ్చటనే.

పెద్దలారా! పల్లెలో మన నవ్వునకు విలువ కలదు. మనము నవ్వినది పిల్లలు చాలకాలము నమ్మరు. నావద్ద ఆనాడు నవ్విన పిల్లలకు నేడు పిల్లలున్నారు. వారందఱిని వెదకి నా మాట దిద్దుకొనుట నాకు సాధ్యము కాదు. అందువలననే ఈ ప్రసంగము. ఇకమీద ఎవరైన "ఈ చలి యెక్కడిది?" అని అడిగినచో వారిని వారింపవలదు, వారితో కలిసి నవ్వనువలదు. మీ ఊరి పాఠశాలలో ఒక పుస్తకము పెట్టించి, ఆనాటి వేడిని, వానను దినదినము పిల్లలచేత వ్రాయింపుడు. ఇరువదియేండ్ల పిమ్మట ఆ పుస్తకము చెప్పు జవాబు, నేను చెప్పినదానికంటె వారికి ఎక్కువ నమ్మకముగా నుండును.

సెలవు.