బాపు : గీతయు వ్రాతయు

ఆంధ్రవాఙ్మయచరిత్రకారులు కవులను గణింతురు, వ్యాఖ్యాతలను గణింతురు; బొమ్మ వ్రాసినవానిని ముఖపత్రముతోనే విడిచిపెట్టుదురు. సత్తిరాజు లక్ష్మీనారాయణ విషయమున నీ యాచారము చెల్లదు. కొల్లేటికి దిగువనున్న ఉండి, భీమవరముల దాఁటి ఆగ్నేయమునకుఁ బోయినచో వసిష్ఠగోదావరి యొడ్డున నరసాపురము గలదు. అచ్చట 1933 డిసెంబరు 15వ తేదీని ఆతఁడు జన్మించెను. లోకము ఆతని బాపు అని యెఱుఁగును. చెన్నపురిలో విద్య నభ్యసించి, 1955లో న్యాయశాస్త్రపట్టమును బొంది, న్యాయస్థానమునకుఁ బోక ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారుఁడుగాఁ జేరెను.

మాటయు బొమ్మయుఁ గలిపి కథ నడపు పద్ధతికి ఐరోపాఖండమున మూలపురుషుఁడు జినీవాపురవాసి రోడాల్ఫ్ టోఫర్ (1799–1846). వృత్తిచే నుపాధ్యాయుఁడు, పండితులకు ముచ్చట గొల్పు విషయ మిది. 1833లో ముద్రితమైన ఆతని జాబో కథలో బొమ్మను గీచిన కలమే క్రింది వాక్యమును వ్రాసెను. రెంటిలో నొకటి లేకున్న రెండవది నిలువదని ఆతని మతము.

తెనుఁగున నీ కలయిక యిద్దఱి చేతులలో జరిగెను. ధవళేశ్వరమునఁ బుట్టిన ముళ్లపూడి వేంకటరమణ బాపునకు బాల్యమిత్రుఁడు. ఆతని బుడుగునకు బాపు రూపము గల్పించెను. అమెరికాలో 1951లో బయలుదేఱిన డెన్నిస్ అను కొంటెబాలునితో బుడుగును బోల్చువారు కలరు. పోలిక కొంతవఱకే. డెన్నిస్ మొదట బొమ్మ; బుడుగు మొదట పలుకు. బుడుగు వచనము బొమ్మ లేకయు నిలువఁగలదు. ఇచ్చట టోఫరు మతము సరిపడదు. అయినను ఒకమాఱు ఆ బొమ్మను జూచినవాఁడు మఱియొక బాలుని ఊహింపఁజాలఁడు. వ్యాఖ్యానమున కింతకంటె ఫలమేమి?

భాషకు బాపు చేసిన యుపకారము మఱి రెండు తెఱఁగులు. ‘బాపు బొమ్మ’ యనఁగా చక్కని తెలుఁగుపడుచు అని వాడుకలో నర్థము స్థిరపడినది; చిత్రకారుని పేరు జాతీయమగుట యరుదు. ఆతని చేవ్రాత, తలకట్టులు కలపు విసురుతో సాగునది, కంప్యూటరు అచ్చక్షరములుగా మాఱి శుభలేఖల కెక్కినది. టోఫరు వ్రాత ఆతని పుస్తకములందే నిలిచినది. బాపు వ్రాత పరుల మాటలకును వేషమైనది.

1967లో ‘సాక్షి’తో బాపు చలనచిత్రదర్శకుఁ డయ్యెను. సంపూర్ణ రామాయణము (1971), సీతాకల్యాణము (1976) మొదలగువానిని ముందుగా బొమ్మలుగా గీచికొని పిదప చిత్రించెను. అందును రచన పెక్కుమాఱులు వేంకటరమణదే. ఆ రచయిత 2011 ఫిబ్రవరి 24న గతించెను. బాపునకు పద్మశ్రీ బిరుదము 2013లో వచ్చెను. మఱుసటి యేఁడు ఆగస్టు 31న చెన్నపురిలో ఆతఁడును గతించెను.