డేటాకూ వీసా కావాలా? ఉప్పల్, నాచారం నుంచి సరిహద్దు దాటే సమాచారానికి రూల్స్ ఇవీ..

ఉప్పల్‌లోని ఆఫీసులో కూర్చుని అమెరికా ఆస్పత్రి బిల్లులు సరిచూస్తారు. యూరప్ కంపెనీ అకౌంట్లు రాత్రికి రాత్రే పూర్తి చేసి పంపిస్తారు. నాచారం ల్యాబ్‌లో వచ్చిన ఫలితాలు నిమిషాల్లో విదేశీ మందుల కంపెనీ చేతికి చేరతాయి. ఈ సరుకు లారీ ఎక్కదు, ఓడ ఎక్కదు, కస్టమ్స్ గేటు దాటదు. అయినా ఇదంతా ఎగుమతే. మరి ఈ డేటా రాకపోకలకు రూల్స్ ఎవరు పెడతారు? అవి మారితే ఇక్కడి ఉద్యోగాలకు ఏమవుతుంది? పూర్తి వివరాలు ఇవే..

తూర్పు హైదరాబాద్‌కు సంబంధం ఏంటి?

ఐటీ అనగానే మాదాపూర్, గచ్చిబౌలి గుర్తొస్తాయి. కానీ తూర్పు వైపు కూడా ఈ వ్యాపారం గట్టిగానే ఉంది. ఉప్పల్ పారిశ్రామికవాడలో ఎన్ఎస్ఎల్ ఎరీనా ఐటీ సెజ్ ఉంది. హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ ఎదురుగా జెన్‌ప్యాక్ట్ క్యాంపస్ ఉంది. వరంగల్ రూట్‌లో ఇంకొంచెం ముందుకెళ్తే పోచారంలో ఇన్ఫోసిస్ కనిపిస్తుంది. ఐటీని నగరం నలుమూలలకూ విస్తరించాలని తెలంగాణ ప్రభుత్వం 2020లో గ్రిడ్ పాలసీ తెచ్చినప్పుడు ఉప్పల్ చుట్టుపక్కల పాత ఇండస్ట్రియల్ స్థలాల మీద కూడా దృష్టి పెట్టింది. ఇక నాచారంలో విదేశీ ఫార్మా కంపెనీలకు పరిశోధన చేసి పెట్టే సంస్థలున్నాయి. వీటన్నింటికీ ముడిసరుకు, తయారీ సరుకు రెండూ డేటానే.

డేటా మీద సుంకం ఉందా?

ప్రస్తుతానికి వసూలు చేయడం లేదు. ఆన్‌లైన్‌లో వెళ్లే సాఫ్ట్‌వేర్, సినిమాలు, డిజైన్లు వంటి వాటిపై కస్టమ్స్ సుంకం వేయకూడదని ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు 1998లో అనుకున్నాయి. అప్పటి నుంచి దాన్ని పొడిగించుకుంటూ వచ్చాయి. 2024లో అబుదాబి సమావేశంలోనూ పొడిగించారు. అప్పుడు పెట్టుకున్న గడువు 2026 మార్చి 31, లేదా తర్వాతి మంత్రుల సమావేశం.. ఏది ముందైతే అది. దీన్ని శాశ్వతం చేయాలని అమెరికా లాంటి దేశాలు కోరుతుంటే, భారత్, దక్షిణాఫ్రికా ఒప్పుకోలేదు. ఒకప్పుడు సీడీల రూపంలో ఓడల్లో వచ్చినవన్నీ ఇప్పుడు డౌన్‌లోడ్ అయిపోతున్నాయని, సుంకం వేసే హక్కు పూర్తిగా వదులుకుంటే ఆదాయం పోతుందని భారత్ వాదన.

ఇక్కడే ఓ చిక్కుంది. ఐటీ సేవలు ఎగుమతి చేసే దేశంగా, ఎదుటివాళ్లు సుంకం వేయకపోవడమే భారత్‌కు లాభం. డిజిటల్ సరుకు కొనుక్కునే దేశంగా చూస్తే లెక్క మారుతుంది. ఢిల్లీ వైఖరిలో ఈ రెండూ కనిపిస్తాయి.

యూరప్ డేటా ఉప్పల్‌కు ఎలా వస్తోంది?

యూరప్‌లో 2018 మే 25 నుంచి జీడీపీఆర్ చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం యూరప్ ప్రజల వ్యక్తిగత వివరాలు బయటి దేశానికి వెళ్లాలంటే ఆ దేశంలో తగిన రక్షణ ఉందని యూరోపియన్ కమిషన్ గుర్తించాలి. జపాన్, దక్షిణ కొరియాలకు ఆ గుర్తింపు ఉంది. భారత్‌కు లేదు.

మరి పని ఎలా నడుస్తోంది? కాంట్రాక్టుతో. 2021లో కమిషన్ ఖరారు చేసిన స్టాండర్డ్ షరతులను యూరప్ కంపెనీ, ఇక్కడి కంపెనీ రాసుకుంటాయి. దీనర్థం, దేశం పేరు మీద రావాల్సిన నమ్మకాన్ని ప్రతి కంపెనీ విడివిడిగా సంపాదించుకోవాలి. ఆడిట్లు, లాయర్లు, సెక్యూరిటీ ఏర్పాట్ల ఖర్చు పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి. యాభై మందితో నడిచే చిన్న బీపీఓకు అదే భారం.

ఇంకో సంగతి. సర్వర్ యూరప్‌లోనే ఉన్నా, దాన్ని ఉప్పల్ నుంచి తెరిచి చూస్తే డేటా బయటికి వెళ్లినట్టే లెక్క. ఫోన్లు లోపలికి తేవద్దని, స్క్రీన్ ఫొటో తీయొద్దని, పెన్ను పేపర్ కూడా వద్దని కొన్ని ఆఫీసులు కట్టడి చేసేది ఇందుకే. మెడికల్ కోడింగ్ చేసేవాళ్లకైతే అమెరికా ఆరోగ్య సమాచార చట్టం హిపా షరతులు కూడా ఉంటాయి.

మన చట్టం ఏం చెబుతోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల టైమ్ ఇచ్చారు. ఇందులో ఈ ప్రాంతానికి సంబంధించిన పాయింట్లు మూడు:

• 16వ సెక్షన్: వ్యక్తిగత డేటా విదేశాలకు వెళ్లొచ్చు. అయితే ఏ దేశానికి వెళ్లకూడదో కేంద్రం నోటిఫై చేసి ఆపొచ్చు.

• 17వ సెక్షన్: విదేశీ కంపెనీతో కాంట్రాక్టు మీద, విదేశీయుల డేటాతో ఇక్కడ పని చేస్తే చట్టంలోని చాలా బాధ్యతల నుంచి మినహాయింపు. బీపీఓ, ఐటీ రంగానికి పెద్ద ఊరట ఇదే.

• మినహాయింపు ఉన్నా డేటా భద్రత బాధ్యత మాత్రం తప్పదు. భద్రతా చర్యల్లో విఫలమైతే పెనాల్టీ రూ.250 కోట్ల వరకు ఉండొచ్చు.

మినహాయింపుకు రెండో వైపు కూడా ఉంది. యూరప్ వాళ్ల డేటాకు ఇక్కడి చట్టం పూర్తి రక్షణ ఇవ్వకపోతే, భారత్‌కు ఆ 'తగిన రక్షణ' గుర్తింపు రావడం కష్టమవుతుందని నిపుణులు చెబుతున్నారు.

పేమెంట్ల డేటా మాత్రం ఇక్కడే

డబ్బుల విషయంలో రిజర్వ్ బ్యాంక్ గట్టిగా ఉంది. పేమెంట్ డేటా అంతా దేశంలోనే దాచాలని 2018 ఏప్రిల్ 6న ఆదేశించింది. విదేశంలో ప్రాసెస్ చేసినా 24 గంటల్లోపు అక్కడ డిలీట్ చేసి ఇక్కడికి తేవాలి. పాటించలేదంటూ 2021 జులైలో మాస్టర్‌కార్డ్ కొత్త కార్డులపై ఆంక్షలు పెట్టింది. 2022 జూన్‌లో ఎత్తేసింది. ఉప్పల్ రింగ్ రోడ్‌లో చాయ్‌కి స్కాన్ చేసి కట్టే పది రూపాయల రికార్డు కూడా ఈ రూల్ కిందకే వస్తుంది.

నాచారం నేర్పిన పాఠం

డేటా మీద నమ్మకం పోతే ఏమవుతుందో 2015లో హైదరాబాద్ చూసింది. నాచారంలో ప్రధాన కార్యాలయం ఉన్న జీవీకే బయోసైన్సెస్ నగరంలోని తన కేంద్రంలో జెనరిక్ మందులపై క్లినికల్ పరీక్షలు చేసేది. 2014లో ఫ్రాన్స్ అధికారులు తనిఖీ చేసి, కొన్ని పరీక్షల్లో ఈసీజీ రికార్డులు మార్చారని తేల్చారు. కంపెనీ దాన్ని తప్పుబట్టింది. 2015 జనవరిలో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ దాదాపు 700 రకాల మందుల అనుమతులు సస్పెండ్ చేయాలని సిఫారసు చేసింది. ఆ మందుల వల్ల ఎవరికైనా హాని జరిగిందనడానికి ఆధారం లేదని కూడా అదే ఏజెన్సీ చెప్పింది. అయినా ఆ ఏడాది జులైలో యూరోపియన్ కమిషన్ సస్పెన్షన్‌కే మొగ్గు చూపింది. దాంతో ఆగస్టులో యూరప్‌తో జరగాల్సిన వాణిజ్య చర్చలను భారత్ వాయిదా వేసింది.

ఆ కంపెనీ 2021లో అరాజెన్ లైఫ్ సైన్సెస్‌గా పేరు మార్చుకుంది. ఈసీజీ రికార్డులపై మొదలైన వివాదం రెండు ప్రభుత్వాల చర్చల దాకా వెళ్లడం మాత్రం డేటా, వాణిజ్యం ఎంత దగ్గరివో చూపించింది.

భారత్ ఎటు వైపు?

డేటా స్వేచ్ఛగా తిరగాలంటూ 2019 జూన్‌లో జీ20 సందర్భంగా జపాన్ ముందుకు తెచ్చిన ఒసాకా ట్రాక్‌పై భారత్ సంతకం చేయలేదు. కానీ 2022లో యూఏఈతో, 2025 జులైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందాల్లో డిజిటల్ వాణిజ్యానికి ప్రత్యేక అధ్యాయాలు పెట్టింది. మొత్తానికి తలుపు తీసింది, గొళ్లెం మాత్రం తన చేతిలోనే ఉంచుకుంది.

ఉద్యోగులు, ఉద్యోగార్థులు గమనించాల్సింది

విదేశీ ప్రాజెక్టుల్లో చేరేవాళ్లు జీడీపీఆర్, హిపా ట్రైనింగ్‌ను మొక్కుబడిగా క్లిక్ చేసి వదిలేయొద్దు. క్లయింట్ ఫైల్‌ను సొంత మెయిల్‌కు పంపుకోవడం, వాట్సాప్‌లో పెట్టడం ఉద్యోగానికే ఎసరు తెస్తుంది. ప్రైవసీ, డేటా ఆడిట్ తెలిసినవాళ్లకు డిమాండ్ కూడా పెరుగుతోంది. ఒక్క తప్పుతో పోయేది ఒక ఉద్యోగమే కాదు, ఆ క్లయింట్‌ను నమ్ముకున్న ఫ్లోర్ మొత్తం ఖాళీ కావొచ్చు.