పాచికల బల్ల దగ్గర పండితుడు

1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి మూడు పలుచని పుస్తకాలు ఒక పెట్టెలో వెలువడ్డాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రచించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అది. బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడలకు అదే ఆదిగ్రంథం. ఒకరు సూత్రధారిగా కల్పిత లోకాన్ని వర్ణిస్తారు. తక్కినవారు వీరులుగా, మాంత్రికులుగా అందులో సంచరిస్తారు. సందేహం వచ్చినచోట పాచిక తీర్పు చెబుతుంది. ఆ తర్వాతి నియమగ్రంథాలను వరుసగా చదివితే ఒక చిక్కుప్రశ్న పదే పదే ఎదురవుతుంది. పాత్ర మహాపండితుడు, పాత్రధారికి ఆ లోకం గురించి ఏమీ తెలియదు. ఆ పాండిత్యం ఆటలోకి ఎలా రావాలి?

తొలి పుస్తకాలు ఈ ప్రశ్న జోలికి పోలేదు. ట్రోల్ అనే రాక్షసుడి గాయాలు వాటంతటవే మానుతాయనీ, నిప్పుతోనో ఆమ్లంతోనో తప్ప చావడనీ తెలిసిన ఆటగాడు గెలిచేవాడు. అతడి పాత్ర నిరక్షరాస్యుడైన భటుడైనా అడ్డులేదు. 1979 నాటి సూత్రధారి గ్రంథంలో పండితులకు చోటు దొరికింది గాని, బంగారం చెల్లించి, రోజుల తరబడి వేచి జవాబు తెచ్చుకునే కిరాయి మనుషులుగా మాత్రమే.

1981లో శాండీ పీటర్సన్ రాసిన 'కాల్ ఆఫ్ క్తుల్హు' చదువును కథ నడిమధ్యకు తెచ్చింది. అందులో గ్రంథాలయంలో వెతకడం కూడా ఒక నైపుణ్యమే. నిషిద్ధ విజ్ఞానం పెరిగిన కొద్దీ మనిషి మతిస్థిమితానికి గల గరిష్ఠ పరిమితి తగ్గిపోతుంది. చదువుకు వెల ఉందని చెప్పిన ఆట అది. అయితే ఆధారం దొరకడం పాచిక మీద ఆధారపడితే, పాచిక వికటించిన రోజున కథ అక్కడే నిలిచిపోయే ప్రమాదం ఉంది.

2000లో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' మూడవ కూర్పు విజ్ఞానాన్ని చరిత్ర, మతం, ప్రకృతి వంటి పలు శాఖలుగా విభజించింది. 2003 సవరణలో ప్రాణిని గుర్తుపట్టే లెక్క స్పష్టమైంది: పదికి ఆ ప్రాణి బలాంకం కలిపితే వచ్చేది లక్ష్యం, దానిపై ప్రతి ఐదుకూ మరొక ఉపయోగకరమైన సంగతి. లెక్క చక్కనిదే, ఫలితమే విడ్డూరం. ఊరూరా కథలుగా చెప్పుకునే మహానాగాన్ని పోల్చుకోవడం, ఎవరూ విననైనా వినని చిల్లర జంతువును పోల్చుకోవడం కంటే కష్టమైపోయింది. బలానికీ ప్రసిద్ధికీ తేడా ఆ సూత్రానికి తెలియదు.

మలుపు 2007లో రాబిన్ లాస్ రచించిన 'ది ఎసొటెరరిస్ట్స్'తో వచ్చింది. తగిన విద్య ఉన్న పాత్ర తగినచోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరికి తీరుతుంది, పాచికతో పనిలేదు. దాన్ని ఎలా అర్థం చేసుకుంటారు, ఏం చేస్తారు అన్నదే ఆట. వైద్యంలోనూ అంతే కదా; పరీక్షల ఫలితాలు చేతికి రావడంతో పని ముగియదు, అసలు ఆలోచన అప్పుడే మొదలవుతుంది. 2012 నాటి 'డంజన్ వరల్డ్' మరొక మెట్టు ఎక్కింది. పాచిక బాగా పడితే సూత్రధారి ఆసక్తికరమూ ఉపయోగకరమూ అయిన సంగతి చెప్పాలి. ఓ మోస్తరుగా పడితే ఆసక్తికరమైనది చెబితే చాలు, దాన్ని ఉపయోగంలోకి తెచ్చుకునే భారం ఆటగాడిది. ఇది నీకెలా తెలుసని సూత్రధారి అడగవచ్చు కూడా. ఆ జవాబుతో పాత్రకు ఒక గురువో, ఒక ప్రయాణమో, ఒక గతమో ఏర్పడుతుంది.

ఈ ప్రయోగాల సారం మహాభారతం ఎరిగిన పాఠకులకు కొత్త కాదు. పాచికల వల్ల రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజే అరణ్యపర్వం చివర యక్షుడి ఎదుట నిలిచాడు. అక్కడ పాచిక లేదు. ప్రశ్నలకు జవాబులు తెలిసినందుకు దక్కినది ఒక్క తమ్ముడి ప్రాణమే. ఎవరిని బ్రతికించాలన్నప్పుడు భీమార్జునులను కాదని, మాద్రికీ ఒక కొడుకు మిగలాలని నకులుణ్ణి కోరడం వల్ల నలుగురూ లేచారు. తెలిసినదానితో ఏం ఎంచుకోవాలో ఆటగాడికి వదిలిపెట్టే సూత్రధారి బల్ల దగ్గర పండితుడికి పని దొరుకుతుంది.