25 పిన్నుల్లో మూడు తీగలు

బాలానగర్‌లో చిన్న షెడ్డు. సగం దించిన షట్టర్ కింద తల వంచి లోపలికి రండి. ముందు కూలెంటు వాసన తగులుతుంది. రెండు లేతులు నడుస్తున్నాయి. గోడవార ఉన్న మిల్లింగ్ సెంటర్‌కు మాత్రం కరెంటు ఉంది, పని లేదు. పాత ఫానక్ జీరో కంట్రోల్ అది. తెర మీద 'బ్యాట్' అన్న మాట వెలిగి ఆరుతోంది.

మెమరీని నిలబెట్టే సెల్లులు అయిపోవచ్చాయి. ప్రోగ్రాములే కాదు, ఏ యాక్సిస్ ఎంత దూరం కదలాలో, ఎంత వేగంతో కదలాలో చెప్పే పారామీటర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఈ స్థితిలో మెయిన్ ఆపితే తెల్లారేసరికి అన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. ఇనుముకు ఏమీ కాదు, మోటార్లకు ఏమీ కాదు, అయినా మిషన్ కదలదు.

"మెయిన్ బంద్ చెయ్యకు తమ్ముడూ. ముందుగాల సెల్లులు మార్చాలె," అంటాడు రిపేరుకు వచ్చినాయన. ఆపరేటర్ కుర్రాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

మిషన్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ డబ్బా మూత ఊడదీసి, టార్చిలైట్లలో వేసే లావు సెల్లులు మూడు తీసి, కొత్తవి వేస్తాడు. 'బ్యాట్' పోతుంది. గండం తప్పింది కానీ పని కాలేదు. ఆ పారామీటర్లు ఇంకెక్కడా రాసి లేవు. వాటిని ఇప్పుడు లాప్‌టాప్‌లోకి దించాలి. దించడానికి ఉన్న కేబులు నూనెలో నాని, గట్టిపడి, సరిగ్గా ప్లగ్గు మొదట్లో విరిగింది.

మిషన్ పక్కనున్న పోర్టు దగ్గరకు వంగి చూడండి. 'డి' ఆకారపు రేకు చట్రం, అందులో రెండు వరసల్లో 25 కన్నాలు, పైన 13, కింద 12. ఒక పక్క వెడల్పు, ఒక పక్క ఇరుకు కాబట్టి తలకిందులుగా దూరదు. అమెరికాలోని కానన్ కంపెనీ ఈ వరుస కనెక్టర్లను 1952లో తెచ్చింది. 1960లో ఆర్ఎస్-232 ప్రమాణం వచ్చాక టెర్మినళ్లకూ మోడెములకూ మధ్య ఈ 25 పిన్నులదే వాడుకగా స్థిరపడింది. 1984లో ఐబీఎం తన పీసీ ఏటీకి 9 పిన్నుల చిన్న పోర్టు పెట్టాక కంప్యూటర్లలో పెద్దది పలచబడిపోయింది. ఫ్యాక్టరీల్లో మాత్రం ఇదిగో, ఇప్పటికీ ఇలా కనిపిస్తుంది.

ఆయన సంచిలోంచి మల్టీమీటర్ వస్తుంది. రెండో కన్నంలో సన్నని తీగ, ఏడో దాంట్లో ఇంకొకటి. మీటరు మైనస్ 11 దగ్గర నిలుస్తుంది. పంపే తీగ పని లేనప్పుడు మైనస్‌లో ఉండాలి, ఉంది. ఈ పద్ధతిలో 3 నుంచి 15 వోల్టుల దాకా మైనస్ అయితే ఒకటి, అంతే ప్లస్ అయితే సున్నా. మధ్యలో అంత ఎడం ఉండబట్టే చుట్టూ మోటార్లు తిరుగుతున్నా అక్షరాలు చెడకుండా చేరతాయి.

"ఇప్పుడు ఇది చూడు," అని తీగను 25వ కన్నంలోకి మారుస్తాడు. 24 వోల్టులు.

కుర్రాడు మీటరుకేసి, లాప్‌టాప్‌కేసి మార్చి మార్చి చూస్తాడు. టేపు రీడర్ లాంటి తమ సొంత పరికరాలకు కరెంటు ఇవ్వడానికి ఫానక్ వాళ్లు ఆ పిన్నును వాడుకున్నారు. బజార్లో దొరికే, 25కి 25 తీగలూ నేరుగా కలిపిన కేబులు తెచ్చి గుచ్చితే ఆ 24 వోల్టులు అవతల ఏ పిన్నుకు తగులుతాయో, ఏది కాలుతుందో! ఈ పనిలో కలపడం కన్నా కలపకుండా వదిలేయడం తెలియడమే పెద్ద విద్య అని నేను గట్టిగా నమ్ముతాను. 25లో మూడు తీగలు చాలు: పంపేది, అందుకునేది, రెండింటికీ ఉమ్మడి గ్రౌండు.

కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చిన కొత్త ప్లగ్గును బల్ల మీద పెడతాడు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు వంకర పోకుండా, ముందు దాన్ని ఒక పాత ఫిమేల్ కనెక్టర్‌లోకి నొక్కి పెడతాడు. పిన్ను వెనక భాగం, సగం చెక్కేసిన సన్నటి గొట్టం. దగ్గరగా వంగితే పక్కనే ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన అంకెలు చీమతలకాయంత కనిపిస్తాయి. ముందు నుంచి చూస్తే ఎడమన ఉన్న ఒకటో పిన్ను, సోల్డర్ చేసే వైపు నుంచి కుడికి వస్తుంది. అందుకే ఆయన లెక్కపెట్టడు, అంకె చదువుతాడు. ముందు గొట్టంలో కాస్త సీసం కరిగించి, తర్వాత తీగ ముంచి, ఊపిరి బిగబట్టి ఆగుతాడు. సీసం మెరుస్తూ గడ్డకడుతుంది. స్లీవ్ పైకి జరుపుతాడు.

రెండు, మూడు, ఏడు అయ్యాయి. లాప్‌టాప్ వైపు 9 పిన్నుల దాంట్లో ఇవి రెండుకు, మూడుకు, అయిదుకు వెళతాయి. చిన్న పోర్టులో పంపేదీ అందుకునేదీ ముందే తారుమారై ఉన్నాయి, కాబట్టి ఇక్కడ అడ్డం మార్చనక్కర్లేదు.

ఇంకా అయిపోలేదు. చిన్న తీగముక్కతో నాలుగునూ అయిదునూ, ఇంకోదానితో ఆరు, ఎనిమిది, ఇరవైలను కలుపుతాడు.

"ఇదెందుకన్నా?"

"నాలుగు మీద మిషన్ పంపనా అని అడుగుతది. అయిదు మీద పంపు అని జవాబు రావాలె. అవతల మోడెము లేదు కదా, అందుకే దాని జవాబు దానికే ఇస్తున్నం." ఆరు, ఎనిమిది సంగతీ అంతే. ఆగు, సాగు అనే సంకేతాలు డేటా తీగల మీదే నడుస్తాయి.

ఇప్పుడు మెయిన్ ఆపుతారు. లాప్‌టాప్ చార్జర్ కూడా ఊడదీస్తారు. ప్లగ్గు దూర్చి, రెండు పక్కలా మరలు బిగించి, మళ్లీ మెయిన్. రెండు వైపులా 4800 వేగం, ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ, రెండు స్టాప్ బిట్లు. ఎడిట్ మోడ్, పారామీటర్ పేజీ, ఔట్‌పుట్ స్టార్ట్.

లాప్‌టాప్ తెర మీద మొదట శాతం గుర్తు పడుతుంది. వెనకే అంకెలు, వరస మీద వరస, సెకనుకు 400 పైచిలుకు అక్షరాలు. చివర మళ్లీ శాతం గుర్తు వచ్చేదాకా ఎవరూ కేబులు ముట్టుకోరు. వచ్చింది. ఫైలును రెండు చోట్ల దాచి, తర్వాత ప్రోగ్రాములన్నీ ఒకేసారి దించుతారు.

ఆయన అట్టముక్క మీద తీగల పటం గీసి, 25 ఎదురుగా 'కలపొద్దు, 24 వోల్టులు' అని ఎర్రగా రాసి, ప్యానెల్ తలుపు లోపల అతికిస్తాడు. రెండో కేబులు కుర్రాడి చేత చేయిస్తున్నాడు. అయ్యాక వెలుతురులోకి పట్టుకుని చూసి, వెనక్కి ఇస్తాడు.

"ఏడోది మసకగున్నది తమ్ముడూ. ఊడదీసి మళ్ల పెట్టు."