పదునైదవ యేట పట్టువడిన రంగుటద్దపు విద్య

1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠితమైన మెదక్ చర్చిలో పగటివేళ నిలిచి తలయెత్తినవారు, క్రీస్తు ఆరోహణమును, జననమును, సిలువ మరణమును చూపు మూడు రంగుటద్దపు గవాక్షములనుండి దిగివచ్చు వెలుగును చూచి, ఇది చిత్రమా, సూర్యరశ్మియా యని క్షణకాలము నిర్ణయింపజాలరు. 1927లో ఒకటి, 1947లో ఒకటి, 1958లో ఒకటిగా మూడు దశాబ్దములలో అమరిన ఆ గవాక్షములకు రూపకర్త ఆంగ్ల చిత్రకారుడగు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ.

ఆయన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టు మూర్తిని చిత్రించి ప్రఖ్యాతి గాంచెను గాని, నాకు అంతకంటె ఆదరణీయముగా తోచునది ఆయన బాల్యము. 1874లో హార్పెండెన్ గ్రామమున జన్మించి, అనారోగ్యముచేత బడికి అంతగా పోకయే పెరిగి, తండ్రి దుకాణములో సైకిళ్లు బాగుచేయుచుండిన ఆ బాలుని, సెయింట్ ఆల్బన్స్ పట్టణమున రంగుటద్దముల కర్మశాల నడుపుచుండిన జ్యేష్ఠసోదరుడు పదునైదవ యేట శిష్యునిగా చేర్చుకొనెను. కొలిమిలో కాల్చుటకు పూర్వము గాజుపై ముఖరేఖలను, వస్త్రముల ముడుతలను దిద్దు సూక్ష్మకర్మలో తమ్ముడు శీఘ్రముగా ఆరితేరుట గమనించి, వారమునకు మూడు దినములు లండనులోని చిత్రకళాశాలకు పంపినవాడును ఆ అన్నగారే.

చిన్నరసపు మామిడితోటలకును, పనసకర్రను తొలిచి వీణలు మలచు శిల్పులకును నెలవైన మా నూజివీటికి, 2008 మొదలుకొని పదవ తరగతి ముగించిన పల్లెటూళ్ల బాలబాలికలు ట్రిపుల్ ఐటీలో చేరుటకై వచ్చుచున్నారు. సాలిస్‌బరీ గాజు చేతబట్టినదియు ఇంచుమించు ఆ ప్రాయముననే. వారికీ విద్య అలవరింపవలెనని నా దృఢమైన కోరిక. కోబాల్టు కలిసిన గాజు నీలమగుననియు, స్వల్పమాత్రమైన బంగారము కెంపువన్నె నిచ్చుననియు, ఆ రంగు పైపూత గాక గాజు కరగునపుడే దానిలో లీనమైనదనియు తెలిసినచో, రసాయనశాస్త్రము వారి కన్నులయెదుట వెలుగును.

పని క్రమము ప్రాచీనమైనది. కాగితముపై పూర్తి పరిమాణమున నమూనా గీచి, దానిపై గాజునుంచి, గ్లాస్ కట్టరును గీతవెంబడి ఒక్కమారు మాత్రమే నడపవలెను. అదే గీతపై మరల నడపినచో చక్రము మొద్దువారును, గాజు వంకరగా పగులును. ఏలయన గాజు తెగునది కాదు, గీటువెంట విరుగునది. పూర్వులు ముక్కలను సీసపు కమ్ములలో పొదిగి, కూడళ్ల టంకము పోసి, సందులు మెత్తి గవాక్షములు కట్టిరి. సీసము విషపదార్థమగుటచే, పిల్లలకు న్యూయార్కున గాజుకళాకారుడగు టిఫనీ ప్రచారము గావించిన పద్ధతి మేలు: ప్రతి ముక్క అంచునకును పలుచని రాగిరేకు చుట్టి, సీసము లేని టంకముతో అతుకుటయే. కండ్లకు అద్దములును, అంచులు తడిపి అరగదీయుటయు, గాలి వచ్చు గదియు తప్పనిసరి.

మొదటి పాఠమునకు మామిడియాకు చాలును. దాని అంచులు వెలుపలికి వంగిన సున్నితపు వంపులు, గాజు మొరాయింపక లొంగును. రసపు కాయను అటుపిమ్మట చేయింపవలెను. ముక్కు క్రింది లోవంపు గాజున కతికఠినము. ఒక్క విరుపున రాదు, నెలవంక తునుకలుగా గీచి, ఒకటొకటిగా పటకారుతో తీయవలెను.