గాండీవం బరువెక్కిన రోజు

మౌసల పర్వంలో ఒక ఘట్టం ఉన్నది. మన పురాణ కాలక్షేపాలలో దానిని చాలామంది తొందరగా దాటించివేస్తారు. శ్రీకృష్ణ నిర్యాణం తరువాత ద్వారకలో మిగిలిన స్త్రీలను, పిల్లలను, వృద్ధులను వెంటబెట్టుకొని అర్జునుడు బయలుదేరతాడు. దారిలో దొంగలు పైబడతారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి దుడ్డుకర్రలు. ఖాండవాన్ని దహింపజేసినవాడు, కురుక్షేత్రంలో పద్ధెనిమిది రోజులు నిలిచినవాడు, ఆనాడు గాండీవానికి నారి ఎక్కించడానికే ఆపసోపాలు పడ్డాడు. దివ్యాస్త్రాలు తలంపుకు రాలేదు. ఎన్నడూ తరగని అమ్ములపొదులు తరిగిపోయాయి. కళ్ళముందే ఆడవాళ్ళను ఎత్తుకుపోతూ ఉంటే విల్లునే కర్రగా పట్టుకొని కొట్టవలసి వచ్చింది.

తిక్కన సోమయాజి తెనిగించిన పదిహేను పర్వాలలో ఇదీ ఒకటి. మనం పిల్లలకు మత్స్యయంత్రం కథ చెబుతాం, గోగ్రహణం కథ చెబుతాం. ఈ కథ మాత్రం చెప్పం. బలం ఉన్నంతకాలం వీరుణ్ణి మోసిన జనం, బలం పోయిన తరువాత ఆ మనిషిని ఏం చేయాలన్న ప్రశ్న ఇందులో ఉన్నది. అది ఇబ్బంది పెట్టే ప్రశ్న. ఇదే ప్రశ్నను ఈ అమెరికా దేశంలో ఒక నాటక రచయిత 1956లో టెలివిజన్ తెరమీదికి తెచ్చాడు. ఆ నాటకం తరువాత చలనచిత్రమయింది. దాని చరిత్ర మన పాఠకులకు తెలియజేయాలని మా కోరిక.

నాటకం పేరు 'రెక్వియం ఫర్ ఎ హెవీవెయిట్'. రెక్వియం అంటే చనిపోయినవారి ఆత్మశాంతికి చర్చిలో చేసే ప్రార్థన. బ్రతికి ఉన్న మనిషికి ఆ ప్రార్థన ఎందుకన్నదే కథ. వ్రాసినవాడు రాడ్ సెర్లింగ్. 'ట్విలైట్ జోన్' ధారావాహికతో ఆయన పేరు 1959 తరువాత ఇంటింటా తెలిసింది కాని, అంతకు ముందే ఈ నాటకంతో గొప్ప రచయితగా గుర్తింపు పొందాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళంలో సైనికుడిగా ఫిలిప్పీన్స్‌లో పోరాడినవాడు. సైన్యంలో ఉండగా ముష్టియుద్ధం పోటీలలో దిగి ముక్కు పగలగొట్టుకున్నవాడు. దెబ్బ ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాలు చదివి తెలిసిన సంగతి కాదు.

1956 అక్టోబరు 11వ తేదీ రాత్రి సీబీఎస్ వారి 'ప్లేహౌస్ 90' కార్యక్రమంలో ఈ నాటకం ప్రత్యక్ష ప్రసారంగా వచ్చింది. తొంభై నిమిషాల కార్యక్రమం. తప్పు జరిగితే దిద్దుకోవడానికి వీలు లేదు. రాల్ఫ్ నెల్సన్ దర్శకుడు. జాక్ పాలన్స్ నాయకుడు. ఆయన పెన్సిల్వేనియా బొగ్గుగని కార్మికుని కుమారుడు, వయసులో ఉండగా కొంతకాలం ముష్టియుద్ధం చేసినవాడే. ఆ ఏడాది ఎమ్మీ బహుమతులలో రచనకు సెర్లింగ్‌కు, నటనకు పాలన్స్‌కు బహుమానాలు వచ్చాయి.

ఈ ప్రసారంలోనే మరొక ముదుసలి కథ దాగి ఉన్నది. గాయాలకు కట్లు కట్టే ఆర్మీ అనే పెద్దాయన పాత్ర ఎడ్ విన్ వేశాడు. ఒకప్పుడు నాటకశాలల్లోను, రేడియోలోను జనాన్ని పొట్టచెక్కలయ్యేటట్లు నవ్వించిన హాస్యగాడు ఆయన. అప్పటికి డెబ్బైకి చేరువలో ఉన్నాడు. కాలం మారి అవకాశాలు తగ్గాయి. గంభీరమైన పాత్ర అంతకు ముందు వేసి ఎరుగడు. రిహార్సళ్ళలో మాటలు తప్పుతూ ఉంటే, ప్రసారంనాడు ఏమవుతుందోనని అందరికీ గుండె దడ. మేనేజరు పాత్ర వేసిన కీనన్ విన్ ఆయన సొంత కొడుకే. ఆ రాత్రి తండ్రి తడబడలేదు. అందరూ మెచ్చుకునేటట్లు నటించాడు. ఆ అనుభవాన్నే నెల్సన్ 1960లో మరో నాటకంగా తీశాడు. తండ్రీకొడుకులు తమ పాత్రలు తామే వేశారు.

1962లో ఇదే కథ చలనచిత్రంగా వచ్చింది. దర్శకుడు నెల్సనే. నాయకుడు మౌంటెన్ రివేరాగా ఆంథొనీ క్విన్, మేనేజరు మెయిష్‌గా జాకీ గ్లీసన్, ఆర్మీగా మికీ రూనీ, ఉద్యోగాలు చూపించే గ్రేస్ మిల్లర్‌గా జూలీ హారిస్ నటించారు.

చిత్రం మొదట్లో మనకు మౌంటెన్ ముఖం కనిపించదు. ఆయన కళ్ళే మనకు కళ్ళు. ఎదుట ఒక యువకుడు మెరుపులా కదులుతూ గుద్దులు కురిపిస్తూ ఉంటాడు. పడిపోయేది మనమే. ఏడవ రౌండులో ఆట ముగుస్తుంది. తరువాత అద్దంలో ఆ చితికిన ముఖం చూస్తాం. ఇంకొక్క దెబ్బ గట్టిగా తగిలితే చూపు పోతుందని డాక్టరు చెబుతాడు. పదిహేడేళ్ళు బరిలో నిలిచినవాడు, ఒక్కసారి కూడా డబ్బుకు అమ్ముడుపోయి కింద పడనివాడు, ఒకప్పుడు ప్రపంచ హెవీవెయిట్ యోధుల వరుసలో అయిదవవాడు, మరునాడు ఉద్యోగాల కార్యాలయంలో కుర్చీ అంచున కూర్చుంటాడు. చదువు లేదు, చేతిపని రాదు. చెప్పుకోవడానికి ఆ అయిదవ స్థానం ఒక్కటే ఉన్నది.

గ్రేస్ ఆయనలో మంచితనం చూసి, పిల్లల వేసవి శిబిరంలో ఆటలు నేర్పే ఉద్యోగానికి పిలుపు తెప్పిస్తుంది. కాని మెయిష్‌కు వేరే అవసరం ఉన్నది. మౌంటెన్ నాలుగు రౌండ్లకు మించి నిలవడని నమ్మబలికి, తన మనిషి మీదనే తాను పందెం కాశాడు. మౌంటెన్ మొండిగా ఏడవ రౌండుదాకా నిలబడినందువల్ల మెయిష్ అప్పులపాలయ్యాడు. పందెం పెట్టినవాళ్ళు ప్రాణం తీస్తామంటున్నారు. అందుకని మెయిష్ ఆయనకు తాగబోయించి ఆ ఉద్యోగం చెడగొడతాడు. ముందుగానే ఎవరు గెలవాలో నిర్ణయించే వినోదపు కుస్తీలో, రెడ్ ఇండియన్ వేషం కట్టి గెంతమంటాడు. నిజమంతా తెలిసిన తరువాత కూడా మౌంటెన్ ఈకల కిరీటం పెట్టుకొని గోదాలోకి దిగుతాడు. మెయిష్‌ను బ్రతికించడానికి తన పరువు ఇస్తాడు. టెలివిజన్ నాటకంలో ఆయన రైలెక్కి ఊరికి పోతాడు, కొంత ఆశ మిగులుతుంది. చిత్రంలో అదీ లేదు. జనం నవ్వుతూ ఉండగా కథ ఆగిపోతుంది.

ఇది కల్పితమని తీసివేయడానికి వీలులేదు. నాటకం వచ్చిన ఆ 1956లోనే జో లూయీ కుస్తీ గోదాలోకి దిగాడు. 1937 నుంచి 1949 వరకు ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్. తన కిరీటాన్ని ఇరవై అయిదుసార్లు కాపాడుకున్నవాడు. 1938లో జర్మనీ యోధుడు మాక్స్ ష్మెలింగ్‌ను మొదటి రౌండులోనే పడగొట్టినపుడు దేశమంతా పండుగ చేసుకుంది. 1942లో రెండు పోటీలలో వచ్చిన తన డబ్బును నావికాదళ, సైనికదళ సహాయనిధులకు ఇచ్చి తానూ సైన్యంలో చేరాడు. యుద్ధం ముగిశాక ఆదాయపు పన్ను బాకీలు వడ్డీతో సహా లక్షల డాలర్లకు పెరిగాయి. ఆ బాకీ తీర్చడానికి మళ్ళీ బరిలోకి వచ్చి, 1951 అక్టోబరు 26న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రాకీ మార్షియానో చేతిలో ఎనిమిదవ రౌండులో పడిపోయాడు. అప్పటికి ఆయన వయసు 37. గెలిచిన మార్షియానోకు చిన్నప్పటినుంచి లూయీ అంటే ఆరాధన. ఆ గెలుపు అతనికి కన్నీళ్ళు తెప్పించిందని చెబుతారు.

కుస్తీలో లూయీ ప్రక్కటెముకలు విరిగి అది కూడా ఆగిపోయింది. చివరి సంవత్సరాలలో లాస్‌వేగాస్‌లోని ఒక జూదశాలలో వచ్చేవారికి చేయి కలిపి స్వాగతం చెప్పే ఉద్యోగం చేశాడు. 1981 ఏప్రిల్ 12న మరణించాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానవాటికలో సగౌరవంగా ఖననం చేశారు. ఆ ఖర్చులో పాలు పంచుకున్నవారిలో పాత ప్రత్యర్థి ష్మెలింగ్ ఒకడు.

ఈ చిత్రచరిత్రలో మమ్మల్ని అన్నిటికంటె కలచివేసేది వేరొకటి. మొదటి దృశ్యంలో ముసలి మౌంటెన్‌ను పడగొట్టిన ఆ మెరుపులాంటి కుర్రవాడెవరు? కాషియస్ క్లే. అప్పటికి ఇరవై ఏళ్ళ ప్రాయం. చిత్రంలోను సొంత పేరే. 1964లో ప్రపంచ చాంపియన్ అయి, ముహమ్మద్ అలీ అన్న పేరు తీసుకున్నాడు. వియత్నాం యుద్ధానికి పోనని 1967లో తెగేసి చెప్పి కిరీటాన్ని, మూడేళ్ళకు పైగా తన మంచి వయసును పోగొట్టుకున్నాడు. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను గెలిచి తిరిగి సంపాదించుకున్నాడు. అంతటివాడు 1976 జూన్ 26న టోక్యోలో ఆంటోనియో ఇనోకీ అనే కుస్తీ యోధునితో పోటీకి ఒప్పుకొని, పదిహేను రౌండ్లు కాళ్ళమీద తన్నులు తిన్నాడు. మౌంటెన్‌కు పట్టిన కుస్తీ గోదా ఆయననూ వదలలేదు.

మానుకొమ్మని చెప్పినవారు లేకపోలేదు. ఆయన వైద్యుడు ఫెర్డీ పచేకో తన మాట వినకపోవడంతో 1977లో తప్పుకున్నాడు. 1980 అక్టోబరు 2న లారీ హోమ్స్‌తో పోటీనాటికి అలీ వయసు 38. హోమ్స్ ఒకప్పుడు ఆయనకే అభ్యాసంలో తోడుగా నిలిచి దెబ్బలు తిన్న శిష్యుడు. గురువును కొట్టలేక కొట్టాడు, తరువాత ఏడ్చాడు. పదవ రౌండు కాగానే శిక్షకుడు ఏంజెలో డండీ ఇక చాలని ఆట ఆపించాడు. మెయిష్ చేయని పని అది. అయినా మరుసటి ఏడాది డిసెంబరు 11న బహామాస్‌లో అలీ మరొకసారి దిగి ట్రెవర్ బెర్బిక్ చేతిలో ఓడాడు. 1984లో పార్కిన్సన్ వ్యాధి సంగతి బయటపడింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతిని వణికే చేతితో వెలిగించినపుడు చూసినవారి కళ్ళు చెమ్మగిల్లాయి. 2016 జూన్ 3న ఆయన కన్నుమూశాడు.

మనవారి సంగతి కూడా చెప్పుకోవాలి. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామమూర్తినాయుడు గుండెలమీద ఏనుగును ఎక్కించుకున్న కథ తెలుగునాట వినని ఇల్లు లేదు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు, విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉన్నాయి. కాని ఒక కాలు తీసివేసిన తరువాత, 1942లో కన్నుమూసేదాకా ఆయన గడిపిన రోజులను గురించి మనం ఎంత మాట్లాడుకున్నాం? ఏనుగు దగ్గరే ఆపివేస్తాం. 2019లో వచ్చిన 'జెర్సీ' తెలుగులో ఈ వరుసకు చేరే మంచి చిత్రం. ముప్పై ఆరేళ్ళ వయసులో కొడుకు కోసం మళ్ళీ బ్యాటు పట్టిన క్రికెట్ ఆటగాని కథ. జాతీయ బహుమతి పొందింది. అయితే అందులో నాయకుడు గెలిచి మరణిస్తాడు. మరణాన్నైనా మనం భరిస్తాం గాని, వీరుడు నవ్వులపాలై బ్రతికి ఉండడాన్ని చూడలేం కాబోలు.

ఇటీవల మాలో కొందరం ఒక ఇంట్లో చేరి రెక్వియం చిత్రాన్ని చూశాం. అయిన తరువాత వాదన బయలుదేరింది. తప్పంతా మెయిష్‌దని కొందరు, పందేల వ్యాపారానిదని కొందరు. అంత చదువుకున్న అమ్మాయి సహాయం చేస్తానంటే కాదని వెళ్ళిన మౌంటెన్‌దే తెలివితక్కువతనమని ఒకరు. మాలో ఒక పెద్దాయన ఉన్నారు. కాలేజీ రోజులలో కబడ్డీలో పేరుపడ్డవారు. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు, మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాలి. అంతసేపూ ఊరకున్నవారు చివరికి అన్నారు:

"అది కాదు నాయనా. ఆ పిల్ల ఉద్యోగం చూపించింది, మంచిదే. కాని పదిహేడేళ్ళు పొద్దున్నే తిన్నావా అని అడిగినవాడు ఆ మెయిషే గదా! మోసగాడే అనుకో. అడిగేవాడు వాడొక్కడే అయితే మనిషి ఎక్కడికి పోతాడు?"

వాదన అక్కడితో ఆగింది. ఆయన ఏ జట్టుకు ఆడారో, ఏ ఊళ్ళలో ఆడారో ఇన్నేళ్ళ పరిచయంలో మేము ఒక్కసారీ అడిగి ఎరుగమని అప్పుడు గుర్తుకు వచ్చింది. ప్రతి ఉత్సవంలో ఆయనను ముందు వరుసలో కూర్చోబెట్టాం, శాలువా కప్పాం, ఫోటో తీయించాం. ఆ రాత్రి అడిగాం. పన్నెండు దాటేవరకు ఆయన చెబుతూనే ఉన్నారు. మధ్యలో లేచి కూత ఎలా పెట్టాలో చూపించబోయి, మోకాలు సహకరించక నవ్వుతూ కూర్చున్నారు. మేము కూడా నవ్వాం. ఆ నవ్వు మౌంటెన్‌ను చూసి గోదా చుట్టూ నవ్విన జనం నవ్వు కాదని ఆయనకు తెలుసు.

మౌసల పర్వంలో ఓడిన అర్జునుడు వ్యాసుని ఆశ్రమానికి వెళతాడు. అస్త్రాల పని తీరిపోయిందని, కాలాన్ని ఎవరూ ఎదిరించలేరని వ్యాసుడు చెప్పడం అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు ఆయన చేసిన పని ఒకటున్నది. వచ్చినవాని ముఖం చూసి, ఎందుకిలా కాంతి తప్పి ఉన్నావు, నీకేం జరిగిందని అడిగాడు. అర్జునుడు మొదటినుంచి చివరిదాకా చెబితే విన్నాడు.

ఈ సంచిక చదివే మిత్రుల ఇళ్ళలోను అటువంటి పెద్దలు ఉండే ఉంటారు. ఈ ఉత్సవం ముగిసి ఇంటికి చేరిన తరువాత వారిని ఒక్క మాట అడగవలసిందిగా మా మనవి.